పాఠం 17: గోల్ఫ్ ఊపులో పాదాల ఒత్తిడి

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు శరీరం బరువుకూ, పాదాల మీది ఒత్తిడికీ ఉన్న తేడాను చెప్పగలుగుతారు. గోల్ఫ్ ఊపులో ఆ ఒత్తిడి ఎప్పుడు ఏ పాదం కిందికి మారుతుందో వివరించగలుగుతారు. నేల ఇచ్చే ప్రతిచర్య నడుమును ఎలా తిప్పుతుందో చిన్న లెక్కతో చూపగలుగుతారు. పాదం సరిగా నిలవనప్పుడు మోకాలికీ నడుముకూ కలిగే హానిని గుర్తించగలుగుతారు.

17.1 పరిచయం

న్యూటన్ మూడో గమన నియమం మీకు తెలిసినదే. మనం నేలను వెనక్కి నెడితే నేల మనల్ని ముందుకు నెడుతుంది, అందువల్లనే నడవగలుగుతున్నాం. ఇప్పుడు అదే నియమం ఒక ఆటలో ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఆ ఆట గోల్ఫ్.

మనలో చాలామంది గోల్ఫ్ ఆడి ఉండరు. అది డబ్బున్నవారి ఆట అనే మాట కూడా పూర్తిగా అబద్ధం కాదు. మన దేశంలో ఈ ఆటకు పాత చరిత్రే ఉంది. కలకత్తాలో 1829లో ఏర్పడిన క్లబ్బును బ్రిటిష్ దీవుల వెలుపల మొట్టమొదటి గోల్ఫ్ క్లబ్బుగా చెబుతారు. హైదరాబాదులో గోల్కొండ కోటను ఆనుకొని ఉన్న నయాఖిలా ప్రాంతంలో ఒక మైదానం ఉంది. అయితే ఈ ఆటను బాగా నేర్చినవారిలో ఆటగాళ్ళ సంచులు మోసే కాడీలూ, పచ్చికను చూసుకునే ఉద్యోగుల పిల్లలూ ఉన్నారు. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో కాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచారు. ఆ పోటీలో గెలిచిన మొదటి భారతీయ వృత్తి క్రీడాకారుడు ఆయనే. కలకత్తా మైదానంలో పచ్చిక చూసుకునే ఉద్యోగి కుమారుడు చౌరాసియా 2016లోనూ, 2017లోనూ అదే పోటీ గెలిచారు. మీలో ఎవరైనా ఇలాంటి మైదానంలో పనిచేస్తూ ఈ పుస్తకం చదువుతూ ఉంటే, ఈ పాఠం మీకు రెండు విధాల పనికివస్తుంది.

ఆట ఎప్పుడూ చూడనివారి కోసం రెండు మాటలు. బంతి బరువు 45.93 గ్రాములు మించరాదు. క్రీడాకారుడు బంతికి ఎదురుగా, దానివైపు ముఖం పెట్టి నిలబడతాడు. బంతి వెళ్ళవలసిన దిక్కు అతని ఎడమ భుజంవైపు ఉంటుంది. రెండు చేతులతో కర్రను పట్టుకొని కుడివైపుగా పైకి ఎత్తుతాడు. దీనిని వెనక ఊపు అందాం. తరువాత దానిని కిందికి దించి బంతిని కొడతాడు. ఇది ముందు ఊపు. వెనక ఊపుకు ముప్పాతిక సెకను పడితే, ముందు ఊపుకు పావు సెకనే పడుతుంది. ఈ పాఠంలో అంతా కుడిచేతి వాటం వారి గురించే రాశాం. ఎడమచేతి వాటం వారు కుడి ఎడమలను మార్చి చదువుకోవాలి.

17.2 బలం ఎక్కడ నుంచి వస్తుంది?

బంతిని కొట్టేది చేతులే కదా, బలం చేతుల్లోనే ఉండాలి అని తోస్తుంది. ఇది నిజమో కాదో తేల్చడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. గుండ్రంగా తిరిగే కుర్చీ ఒకటి ఎక్కడైనా దొరికితే, దానిలో కూర్చొని పాదాలు రెండూ నేలకు తగలకుండా పైకెత్తండి. రెండు చేతులూ చాచి ఒక్కసారిగా ఎడమవైపు విసరండి. కుర్చీ కుడివైపు తిరుగుతుంది. చేతులు ఎడమకు ఎంత గట్టిగా పోతే, నడుము కుడికి అంత గట్టిగా పోతుంది. ఇప్పుడు పాదాలను నేలకు ఆనించి మళ్ళీ విసరండి. ఈసారి కుర్చీ కదలదు, చేతుల విసురు మాత్రం పెరుగుతుంది. కుర్చీని ఆపినది మీ పాదాలూ నేలా కలిసి చేసిన పని.

కట్టెలు కొట్టేవారిని చూడండి. గొడ్డలి ఎత్తే ముందు వాళ్ళు చూసుకునేది చేతులను కాదు, కాలికింద నేలను. రేవులో బండ మీద బట్టలు బాదేవారు పాచి పట్టిన రాయి మీద నిలబడరు. ఈ జ్ఞానం మనకు కొత్తది కాదు. లెక్క మాత్రమే కొత్తది.

ఆ లెక్క కొంచెం చూద్దాం. కర్ర తల బరువు సుమారు 200 గ్రాములు. అది సెకనుకు 45 మీటర్ల వేగంతో బంతిని తాకిందనుకోండి. గతిజశక్తి ½ × 0.2 × 45 × 45, అంటే 202 జౌళ్ళకు పైన. పావు సెకనులో ఇంత శక్తిని, దానితోపాటు చేతులను, భుజాలను, మొండెాన్ని కదిలించే శక్తిని కూడా సమకూర్చాలి. ఇది మోచేతి కండరాల వల్ల అయ్యే పని కాదు. తొడలు, పిరుదులు, నడుము కండరాలు పనిచేయాలి. ఆ పెద్ద కండరాలు పనిచేయడానికి వాటికి ఊతం కావాలి. ఊతం నేల తప్ప మరొకటి లేదు.

ఇంకొక సంగతి. కర్ర తల బంతిని తాకి ఉండే కాలం సెకనులో సుమారు రెండువేలవ వంతు. పాదం నుంచి మెదడుకు కబురు పోవడానికే ఇంతకు ఎన్నో రెట్ల కాలం పడుతుంది. కాబట్టి బంతిని కొట్టే క్షణంలో కాలితో గట్టిగా తొక్కడం వల్ల ప్రయోజనం లేదు. పాదాలు చేయవలసిన పని అంతా అంతకుముందే పూర్తయి ఉండాలి. కొత్తగా నేర్చుకునేవారు సాధారణంగా ఈ విషయంలోనే ఆలస్యం చేస్తారు.

17.3 బరువు వేరు, ఒత్తిడి వేరు

"బరువును ఎడమకాలి మీద వెయ్యి" అని శిక్షకులు చెబుతారు. ఆ మాట విని నేర్చుకునేవారు మొత్తం శరీరాన్ని ఎడమవైపు జరుపుతారు. తల, భుజాలు బంతిని దాటిపోతాయి, దెబ్బ చెడుతుంది. తప్పు నేర్చుకునేవారిది కాదు. మాటలోనే స్పష్టత లేదు.

శరీరం బరువంతా ఒక బిందువు వద్ద ఉన్నట్టు భావించవచ్చు. దానిని గరిమనాభి అంటారు. నిటారుగా నిలబడినప్పుడు అది సుమారుగా బొడ్డు ఎత్తులో, శరీరం లోపల ఉంటుంది. ఇక పాదాలు నేలను నొక్కే బలమంతా నేల మీద ఒకచోట పనిచేస్తున్నట్టు భావిస్తే, ఆ చోటును ఒత్తిడి కేంద్రం అంటారు. (భౌతికశాస్త్రంలో పీడనం అంటే ప్రమాణ వైశాల్యం మీది బలం. ఆటల్లో మాత్రం ఒక్కొక్క పాదం కింద పడే బలం వాటానే ఒత్తిడి అంటున్నారు. ఈ పాఠంలో ఆ అర్థమే తీసుకోండి.)

కదలకుండా నిలబడినప్పుడు ఒత్తిడి కేంద్రం గరిమనాభికి సరిగ్గా కింద ఉంటుంది. కదలిక మొదలైతే రెండూ విడిపోతాయి. నిలబడి ఎడమవైపుకు ఒక్క గంతు వేయాలంటే మీరు ముందుగా ఏ కాలితో నేలను నొక్కుతారు? కుడికాలితో. శరీరం ఇంకా ఎడమకు కదలనే లేదు, ఒత్తిడి మాత్రం కుడి పాదం కిందికి చేరింది. ఊపులోనూ ఇంతే. గరిమనాభి కొద్ది సెంటీమీటర్లు మాత్రమే అటూఇటూ జరుగుతుంది. ఒత్తిడి కేంద్రం ఒక పాదం నుంచి మరొక పాదానికి దాదాపు పూర్తిగా ప్రయాణిస్తుంది.

మీరే చేసి చూడండి

ముల్లు తిరిగే రకం తూకపు యంత్రాలు రెండు దొరికితే పక్కపక్కన పెట్టి, ఒక్కొక్క దాని మీద ఒక పాదం ఉంచి నిలబడండి. మీ బరువు 60 కిలోలైతే ఒక్కొక్కటి దాదాపు 30 చూపాలి. చాలామందికి సరిగ్గా అలా రాదు. ఒకటి రెండు కిలోల తేడా ఉంటుంది, అందుకు కంగారు పడనక్కరలేదు. ఇప్పుడు మోకాళ్ళు చటుక్కున వంచండి. రెండు ముళ్ళూ ముందు తగ్గి, మీరు కిందికి పోవడం ఆగేటప్పుడు పెరుగుతాయి. ఆ క్షణంలో రెండూ కలిపితే 60 దాటుతుంది. మీ బరువు పెరగలేదు; కిందికి పోతున్న శరీరాన్ని ఆపడానికి నేల అదనంగా నెట్టవలసి వచ్చింది. తూకాల మీద నిలబడి కర్ర మాత్రం ఊపవద్దు. అవి జారుతాయి.

పాఠ్యభాగ ప్రశ్నలు – 1
1. ఒత్తిడి కేంద్రం, గరిమనాభి ఎప్పుడు ఒకే నిలువు గీత మీద ఉంటాయి?
2. బంతిని తాకే క్షణంలో కాలితో తొక్కడం ఎందుకు పనికిరాదు?

17.4 ఒత్తిడి ప్రయాణం

మొదట నిలబడినప్పుడు ఒత్తిడి రెండు పాదాలకూ ఇంచుమించు సమానంగా, ప్రతి పాదంలోనూ మడమకూ వేళ్ళకూ మధ్యన, అరికాలి వంపు ముందుభాగంలో ఉండాలి. కర్ర పైకి లేవడం మొదలవగానే ఒత్తిడి కుడి పాదానికి మారుతుంది. ఎడమచేయి నేలకు సమాంతరంగా వచ్చే సమయానికి నిపుణుల్లో సుమారు 70 నుంచి 80 శాతం కుడి పాదం కింద ఉంటుంది. ఆ ఒత్తిడి కుడి పాదం లోపలి అంచు, మడమలవైపు ఉండాలి. బయటి అంచుకు పోయిందంటే మోకాలు, తుంటి కూడా బయటికి జారినట్టే. అక్కడ నుంచి వెనక్కి రావడం కష్టం.

తరువాతి ఘట్టం చాలామందికి తెలియదు. కర్ర ఇంకా పైకి పోతూ ఉండగానే ఒత్తిడి ఎడమవైపు తిరుగుముఖం పడుతుంది. అంటే పై శరీరం వెనక ఊపులో ఉంది, కింది శరీరం ముందు ఊపులోకి ప్రవేశించింది. కుడివైపు పోతున్న శరీరాన్ని ఆపి ఎడమకు తోసేది కుడి పాదమే. ఆ తోపు కర్ర ఆగిన తరువాత మొదలైతే ఆలస్యమైపోతుంది. అప్పుడు చేతులు ముందుపడి, కర్ర బయటినుంచి అడ్డంగా వచ్చి, బంతి కుడివైపుకు వంకర తిరుగుతుంది.

కర్ర దిగివస్తూ ఎడమచేయి మళ్ళీ నేలకు సమాంతరమయ్యేసరికి ఒత్తిడిలో ఎక్కువ భాగం ఎడమ పాదానికి చేరిపోతుంది. దూరంగా కొట్టేవారిలో ఈ సమయంలో ఎడమ పాదం ఒక్కదాని కిందనే శరీరం బరువును మించిన బలం నమోదవుతుంది. ఈ కొలతలను నేలలో అమర్చిన బలమాపక పలకలతోనూ, బూటు లోపల పెట్టే పలుచని అట్టలతోనూ తీస్తారు.

బంతిని తాకే వేళకు అందరిలోనూ ఒకే తీరు కనిపించదు. ఆస్ట్రేలియాకు చెందిన కెవిన్ బాల్, రస్సెల్ బెస్ట్ అనే పరిశోధకులు 2007లో రెండు తీరులను గుర్తించారు. కొందరిలో ఒత్తిడి ఎడమ పాదం మీదనే కొనసాగుతుంది. మరికొందరిలో ముందు ఎడమకు వెళ్ళి, తాకే వేళకు మధ్యకు, కుడివైపుకు తిరిగివస్తుంది. రెండో తీరును శిక్షకులు చాలాకాలం తప్పుగానే లెక్కించారు. కాని రెండు తీరులూ నైపుణ్యం ఉన్నవారిలోనూ, లేనివారిలోనూ కనిపించాయి. కాబట్టి ఒకే నమూనాను అందరి మీద రుద్దడం సరికాదని మా అభిప్రాయం. రెండింటిలోనూ సామాన్యమైన విషయం మాత్రం మరచిపోకూడదు: ముందు ఊపు తొలిదశలో ఒత్తిడి ఎడమకు వెళ్ళవలసిందే.

17.5 పాదాలు నడుమును ఎలా తిప్పుతాయి?

ఈ భాగాన్ని నెమ్మదిగా చదవండి. వీలైతే నిలబడి, చెప్పినట్టు చేస్తూ చదవండి.

ముందు ఊపులో నడుము ఎడమవైపు తిరగాలి. పైనుంచి చూస్తే అది గడియారం ముళ్ళకు వ్యతిరేక దిశ. అందుకు కుడి పాదం నేలను వెనక్కి, అంటే బంతికి దూరంగా, నెడుతుంది. ఎడమ పాదం నేలను ముందుకు, బంతివైపు, నెడుతుంది. పాదాలు కదలవు, నెట్టుతాయి అంతే. నేల తిరిగి ఇచ్చే ప్రతిచర్యలు దీనికి వ్యతిరేకంగా ఉంటాయి: కుడి తుంటి ముందుకు, ఎడమ తుంటి వెనక్కి. సమానమైన, వ్యతిరేక దిశల్లోని ఈ రెండు బలాలు కలిసి బలయుగ్మం అవుతాయి. నీళ్ళ కొళాయి తిప్పేటప్పుడు మీ రెండు వేళ్ళు చేసే పని ఇదే.

ఒక్కొక్క పాదం బలం 100 న్యూటన్లు, పాదాల మధ్య దూరం అర మీటరు అయితే భ్రామకం 100 × 0.5 = 50 న్యూటన్ మీటర్లు. పాదాలు మరీ దగ్గరగా ఉంటే భ్రామకం తగ్గుతుంది. మరీ ఎడంగా పెడితే తుంటి తిరగదు. భుజాల వెడల్పున నిలబడమని చెప్పడానికి కారణం ఇది.

ఈ బలాలు అడ్డంగా పనిచేసేవి. నేలకూ బూటుకూ మధ్య ఘర్షణ ఉంటేనే అవి సాధ్యం. ఘర్షణ బలం అభిలంబ బలం మీద, అంటే ఆ పాదం కింద ఉన్న ఒత్తిడి మీద ఆధారపడుతుంది. ఘర్షణ గుణకం 0.5 అనుకుందాం. ఎడమ పాదం కింద 100 న్యూటన్లే ఉంటే, అది జారకుండా ఇవ్వగలిగిన అడ్డబలం 50 న్యూటన్లు మాత్రమే. అదే పాదం కింద 600 ఉంటే 300 దాకా ఇవ్వగలదు. ఒత్తిడి ఎడమకు ముందుగా ఎందుకు చేరాలో ఇప్పుడు తెలిసింది కదా? ఒత్తిడి లేని పాదం మెలి పెట్టలేదు. బూట్లకు ములుకులు ఉండేదీ ఇందుకే. పూర్వం ఇనుప ములుకులు వాడేవారు. 1990లలో ప్లాస్టిక్ ములుకులు వచ్చిన తరువాత, పచ్చిక పాడవుతున్నదని చాలా మైదానాలు ఇనుపవాటిని మాన్పించాయి.

నిలువు బలం కూడా ఊపుకు సాయపడుతుంది. ఎడమ మోకాలు కొంచెం వంగి ఉండి, తరువాత నిటారవుతుంది. అప్పుడు నేల ఎడమ పాదాన్ని గట్టిగా పైకి నెడుతుంది. ఆ నెట్టుడు గరిమనాభికి ఎడమపక్కన పడుతుంది కాబట్టి శరీరం ఎడమపక్క పైకి, కుడిపక్క కిందికి తిరుగుతాయి. క్రీడాకారునికి ఎదురుగా నిలబడి చూస్తే కర్ర తిరిగే దిశ కూడా అదే. అమెరికా క్రీడాకారుడు జస్టిన్ థామస్ బంతిని కొట్టే వేళ మడమలు నేలనుంచి లేచిపోవడం చూసినవారు ఆశ్చర్యపోతారు. అది విన్యాసం కాదు, అంతకుముందే నేలను గట్టిగా నొక్కిన ఫలితం. 2022, 2024లలో మాస్టర్స్ గెలిచిన స్కాటీ షెఫ్లర్ కుడి పాదం వెనక్కి జారిపోతుంది. ఇలాంటివి అనుకరించి నేర్చుకోవలసినవి కావు.

17.6 వేళ్ళ మీదికి తూలడం

కర్ర తల వలయంగా తిరుగుతుంది. దానిని వలయంలో నిలిపి ఉంచడానికి చేతులు లోపలికి లాగాలి. వలయ వ్యాసార్ధం 1.3 మీటర్లు అనుకుంటే ఆ బలం 0.2 × 45 × 45 ÷ 1.3, అంటే సుమారు 311 న్యూటన్లు. 30 కిలోల పైచిలుకు బియ్యం బస్తా చేతులను కిందికీ, ముందుకూ లాగుతున్నట్టు లెక్క. శరీరం దానికి సిద్ధంగా లేకపోతే వేళ్ళ మీదికి తూలుతుంది. అప్పుడు కర్ర తల కూడా బంతివైపు జరిగి, బంతి తల నడిబొడ్డున కాక, కాడ మొదట్లో తగులుతుంది. పక్కకు ఎగిరి ఎవరికైనా తగిలే ప్రమాదం కూడా ఉంది. నిపుణుల్లో తాకే వేళకు ఎడమ పాదంలో ఒత్తిడి మడమవైపు ఉండడం, పిరుదులు వెనక్కి నిలిచి ఉండడం ఈ లాగుడుకు సరితూకం.

ఈ పరీక్షకు గోల్ఫ్ కర్ర అక్కరలేదు. పిరుదులు గోడకు ఆనీ ఆననట్టు నిలబడి, చేతులు కట్టుకొని, వెనక ఊపూ ముందు ఊపూ నటించండి. మొదట కుడి పిరుదు, తరువాత ఎడమ పిరుదు గోడకు తగలాలి. ముందు ఊపులో రెండూ గోడను వదిలేస్తే మీరు వేళ్ళ మీదికి తూలుతున్నట్టు.

17.7 మోకాలు, నడుము

ఊపులో ఎక్కువ శ్రమ పడేది ఎడమ మోకాలు. పాదం నేలకు అతుక్కొని ఉంటుంది, తొడ తిరిగిపోతుంది. మధ్యలో మెలి అంతా మోకాలి మీద పడుతుంది. మోకాలు మడత బందులాంటిది. వంగడానికి తగినది, మెలి తిరగడానికి కాదు. అందుచేత ఎడమ పాదం వేళ్ళను కొంచెం ఎడమవైపు తెరచి నిలబడడం మంచిది. అమెరికా క్రీడాకారుడు బెన్ హోగన్ 1957లో ప్రచురించిన తన పాఠాల్లో కుడి పాదాన్ని నేరుగా, ఎడమ పాదాన్ని కొంత తెరచి పెట్టమని బోధించారు. వయసు మళ్ళినవారు, మోకాలినొప్పి ఉన్నవారు మరికొంత తెరవవచ్చు. వెనక ఊపులో ఎడమ మడమను కొద్దిగా లేవనిస్తే నడుము మీది మెలి కూడా తగ్గుతుంది.

నడుమునొప్పి గోల్ఫ్ ఆడేవారిలో తరచు వినిపించే బాధ. ఒత్తిడి కుడి పాదం మీదనే ఉండిపోయి, పై శరీరం మాత్రం ఎడమకు తిరిగితే, నడుము వెనక్కి వంగి మెలిపడుతుంది. రోజుకు వంద బంతులు అలా కొట్టే కుర్రవాడికి పదిహేడేళ్ళ వయసులో ఏమీ తెలియదు. తెలిసేనాటికి ఆలస్యమవుతుంది. చెప్పులతో, నున్నని సిమెంటు నేల మీద పూర్తి వేగంతో సాధన చేయకండి. నేల జారుతుందన్న భయంతో శరీరం పాదాలను నమ్మడం మానేసి, పనంతా నడుముకు అప్పగిస్తుంది. పచ్చిక లేకపోతే గట్టి మట్టినేల మేలు. నొప్పి వారం దాటితే సాధన ఆపి వైద్యునికి చూపించండి.

పాఠ్యభాగ ప్రశ్నలు – 2
3. ఒక క్రీడాకారిణి పాదాల మధ్య దూరం 0.5 మీటర్లు. కుడి పాదం నేలను వెనక్కి 120 న్యూటన్లతో, ఎడమ పాదం ముందుకు 120 న్యూటన్లతో నెడుతున్నాయి. భ్రామకం ఎంత? నడుము ఎటు తిరుగుతుంది?
4. ఘర్షణ గుణకం 0.4, ఎడమ పాదం కింద బలం 200 న్యూటన్లు. పై ప్రశ్నలోని 120 న్యూటన్ల అడ్డబలాన్ని ఆ పాదం ఇవ్వగలదా?
5. కుడి పాదం బయటి అంచును, కుడి భుజాన్ని గోడకు ఆనించి నిలబడి ఎడమకాలు ఎత్తి చూడండి. ఏమవుతుంది? ఎందుకు?

జవాబులు సరిచూసుకోండి
1. శరీరం కదలకుండా నిలబడినప్పుడు.
2. తాకే కాలం సెకనులో సుమారు రెండువేలవ వంతు మాత్రమే. ఆ లోపల పాదాల బలం కర్రకు చేరి ఉపయోగపడదు.
3. 120 × 0.5 = 60 న్యూటన్ మీటర్లు. ఎడమవైపు.
4. ఇవ్వలేదు. గరిష్ఠ ఘర్షణ 0.4 × 200 = 80 న్యూటన్లే. పాదం జారుతుంది. కనీసం 300 న్యూటన్ల ఒత్తిడి ఉండాలి.
5. కాలు ఎత్తి నిలవలేరు. ఒంటికాలి మీద నిలవాలంటే గరిమనాభి కుడి పాదం మీదికి రావాలి. గోడ అడ్డు ఉన్నందున శరీరం అటు జరగలేదు.